గంటకి మూడొందలు

ఇనుముది గరగర గొంతు.
గడియ, లాడం, బ్యారన్ మేకు
ఏదైనా బొంగురుగానే పలుకుద్ది.
ఇత్తడి గట్టిగా కేకేస్తది, దానికి సిగ్గు లేదు.
బంగారం మాత్రం
పక్కింటోళ్లు వింటారేమో అన్నట్టు
మెల్లిగా ఒక్క మాటని ఊరుకుంటది.

ఈ తేడా మిషను నేర్పింది కాదు.
ఉదయగిరిలో మా అబ్బా చెక్క గరిటెలు చెక్కేవాడు.
మొద్దును వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి
'ఇది లోపల పుచ్చింది ఖాజా, పక్కన పెట్టు' అనేవాడు.

కొండ మీదికి రమ్మని కార్లేసుకుని వస్తానే ఉంటారు.
నిమ్మకాయలు, నల్లకోడి, అంజనం వేసే ముసలాయన.
రెండు రాత్రులు పోయినా.
దొరికింది ఒక తూటా, రెండు సోడా మూతలు,
ఆ పైన పోలీసోళ్ల టార్చిలైటు.
అప్పట్నించీ పొలాల్లో పోయినవే వెతుకుతా.
గంటకి మూడొందలు. దొరక్కపోతే టీ డబ్బులు చాలు.

వరికుంటపాడు కాడ, పొగాకు చేలో
ఆకు కొడతా కొడతా
జిగురు చేత్తో చెంప గోక్కుంది మాలకొండమ్మ.
చెవి కమ్మ యాడో జారిపోయింది.
గట్టు మీద అత్త తిరపాలమ్మ:
"నాలుగు గ్రాములబ్బయా!
మా అమ్మ నాకు పెట్టింది, నేను దీనికి పెట్టా."

"రెండో కమ్మ ఒకసారి ఇయ్యమ్మా,
దాని గొంతు వింటే దీన్ని పోల్చుకోవచ్చు" అన్నా.
"ఊడి రాదన్నా" అంది, చెవి మూసుకుని.

ఎర్రనేల. గులకలో ఇనుము.
ఊరికే మొరుగుద్ది మిషను.
చక్రాన్ని పైకీ కిందికీ ఆడించి
'ఇది మట్టి, దీన్ని పట్టించుకోబాక' అని
ముందు నచ్చజెప్పాల.
ఆనక సాలు వెంట సాలు
నేలకి రెండు వేళ్ల ఎత్తులో, కొడవలి ఆడించినట్టు.

ఆరో సాలు చివర మోగింది.
గట్టిగా. తెర మీద డెబ్బై రెండు.
ఇంత కమ్మకి నలభై దాటకూడదు.

మట్టి రాల్చి చూస్తే, కమ్మే.
పక్కన గొంతుక్కూచుంది మాలకొండమ్మ,
పొగాకు ఘాటు, ఊపిరి:
"చెప్పబాకన్నా... కావలి ఆస్పత్రిలో పిల్లోడు..."
అక్కడికి ఆపేసింది.

"దొరికిందా?" గట్టు మీంచి కేక.
"దొరికింది పెద్దమ్మా. మీ సొత్తే."

మోకాళ్లు పట్టుకుని దిగొచ్చింది.
కమ్మని కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుని
మిషను మీదికి వంగింది, ఇదేందో చూద్దామని.
నేను ఆపడం మర్చిపోయినా.
ఆమె చెవుల కాడ
మిషను కేకేసింది
అదే కేక.

కోడలు చేలోకి చూస్తా ఉంది.
నేను తెరని అరచేత్తో మూసినా.
"ఆపబ్బయా దాన్ని, చెవులు పోతన్నాయి" అంది తిరపాలమ్మ.
రొంటిన ముడి విప్పి మూడొందలిచ్చింది.
రెండడుగులు పోయి, మళ్లా వచ్చి
ఇంకో యాభై.