చీటీ నంబరు 5882353

కాన్వెంట్ జంక్షన్ దాటాక, రైలు గేటు పక్కన
నా కాటా గది.
ఇరవై రెండేళ్లుగా లారీలు తూస్తున్నాను:
ఖాళీగా రేవులోకి పోయేటప్పుడొకసారి,
నిండుగా బయటికొచ్చేటప్పుడొకసారి,
మధ్యలో తేలేది బొగ్గు.
నాకు తెలిసిన లెక్క తీసివేత ఒక్కటే.

ఆ రాత్రి కార్తీకం వాన.
క్లీనరు కుర్రాడు మైలపల్లి దానయ్య
కిటికీలోంచి చెయ్యి పెట్టి చీటీ లాగాడు.
తడిసిన కాగితం
చిల్లుల గీత కాడ చిరగలేదు,
అంకెల మధ్యలోంచి చిరిగింది.
వాడి గుప్పిట్లో 588.
నా బల్ల మీద 2353.

"ఏటి బావూ, సగవే వొచ్చింది."
"పర్లేదు, పో."
వెనక హారన్లు.

తెల్లారగట్ల టీ చల్లారిపోతుంటే
ఏం తోచక ఆ ముక్కల్ని
దేన్ని దానితోనే హెచ్చించాను.
మూడు లక్షల నలభై అయిదు వేల ఏడు వందల నలభై నాలుగు.
యాభై అయిదు లక్షల ముప్పై ఆరు వేల ఆరు వందల తొమ్మిది.
కూడాను.
చిరిగిన చీటీ అతుక్కుని నా ఎదుట కూర్చుంది,
5882353,
ఒక్క అంకె కూడా తడవకుండా.

ఇక దాన్ని వదల్లేదు నేను.
మూడుతో తెగదు, అంకెలు కూడితే ముప్పై నాలుగు.
ఏడుతో ఒకటి మిగిలింది. పదమూడుతో తొమ్మిది.
లాగ్‌బుక్కు వెనక పేజీల్లో
లారీకీ లారీకీ మధ్య ఒక భాగహారం.
మూడు వందల అరవై ప్రధాన సంఖ్యలు.
మాఘం వచ్చేసింది.
చివరిది 2423. అదీ అంతే,
పదిహేడు వందల ముప్పై రెండు మిగిల్చి పోయింది.

కొత్తగా చేరిన కంప్యూటరమ్మాయి రొంగలి కుముదిని
పుస్తకం తిరగేసి నవ్వాపుకుంది:
"దీన్ని పదిహేడుతో హెచ్చించండి, పది కోట్ల ఒకటి.
అందుకని, పదహారుతో భాగిస్తే ఒకటి మిగిలే వాటినే చూడాలండీ,
నలభై చిల్లర. మీరు మూడు నెలలు ఊరికే..."

ఊరికేనేమో.
అక్కర్లేని ఆ మూడొందల 'తెగదు'ల్నీ
ఒక్కొక్కటీ చేత్తో తూచినవాణ్ణి,
వాటి బరువు నాకు తెలుసు.

ఆ అమ్మాయి పోయాక హెచ్చించి చూశాను.
100000001.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఒకటి,
రేవు బయట లంగరేసిన ఓడ దీపం ఒకటి,
నడుమ ఏడు సున్నాల నీళ్లు.
ఇన్ని కోట్ల మీద ఆ ఒక్కటీ
ఎవరి పేర బిల్లు రాయను?

నిన్న దానయ్య కనబడ్డాడు.
588 ఏదిరా అన్నాను.
"ఏ చీటీ బావూ? ఆ రేతిరే
పొయ్యి రాజడానికి ఎట్టీసినాను."
సరే, కాటా మీదికి ఎక్కించమన్నాను.
పదకొండు టన్నుల నూట ఎనభై.
ఖాళీ బండి.