నేలకు రేటు లేదు

కళ్యాణదుర్గంలో కళాభవనానికి
పద్దెనిమిది సెంట్లు ఇచ్చారు,
మూతబడ్డ వేరుశనగ మిల్లు వెనక.
టేపు పట్టుకుని నేనే కొలిచాను.
ఆ ఎండకు టేపు కూడా
రెండంగుళాలు సాగినట్టనిపించింది.
పరిపాలన అనుమతి వచ్చింది, సాంకేతిక అనుమతి వచ్చింది,
డబ్బు మాత్రం మూడు మార్చి నెలలు దాటుకుని వచ్చింది.

ప్లాను గీసిందీ నేనే.
వేదిక ముప్పై అడుగులు, కుర్చీలు రెండు వందల నలభై,
ముఖ్య అతిథులకో గది, దానికో ఏసీ.
వేషం కట్టుకునే గది
మెట్ల కింద మిగిలిన మూల.

అభిప్రాయ సేకరణ అని ఫైల్లో ఒక గడి ఉంటుంది.
అది నింపడానికి కొందరిని పిలిచాం.
కోలాటం గంగరత్నమ్మ మరుగుదొడ్డి ఎక్కడంది.
నాటకాల మాస్టరు తెర తాడు గురించి
అరగంట మాట్లాడాడు.
ఉరుముల అక్కులప్ప ఏమీ అడగలేదు.
బల్ల మీద పరిచిన కాగితం చుట్టూ
కొనబోయే ఎద్దు చుట్టూ తిరిగినట్టు
ఒకసారి తిరిగాడు.
"ఇందులో నేల యాడుందమ్మా?"

ఇదంతా నేలే కదా అన్నాను.
టైల్స్, రెండడుగులకు రెండడుగులు, నున్నటివి.
"నేల, మేడమ్మా. కాలు దిగేది.
గజ్జె కట్టినోడు దీని మీద ఎగిరితే
నడుం ఇరగతాది."

తర్వాత ఉరుమిని ఒళ్ళోకి తీసుకుని
ఎడమ చర్మం మీద వంకర పుల్ల రాశాడు.
పలకలేదు.
జలుబు చేసిన ముసలాయన గొంతులా గరగరమంది.
"సల్లబడింది. పొట్టు సెగ జూపల్ల.
మీ బిల్డింగులో మంట ఏసుకోనిస్తారా?"

అగ్నిమాపక శాఖ షరతులు పదకొండు.
ఏడోది చదివి వినిపించాను.
ఈ ఏడూ వాన రాదని చెప్తే ఊపినట్టు
తల ఊపాడు, కోపం లేకుండా.

ఆ రాత్రి రేట్ల పుస్తకం తిరగేశాను.
మెత్తటి నేల తవ్వడానికి రేటుంది,
రాతి నేల తవ్వడానికి రేటుంది,
తవ్విన మట్టిని ఐదు కిలోమీటర్లు మోసి
పారబోయడానికి రేటుంది.
ఉన్న మట్టిని ఉన్నచోట ఉండనివ్వడానికి
లేదు.
రేటు లేనిది అంచనాలోకి రాదు.

కేటాయింపు నిబంధనలు కూడా నా చేతుల మీదే టైపయ్యాయి.
మొదట ప్రభుత్వ సమావేశాలు, తర్వాత పరీక్షలు,
ఆ తర్వాత రోజుకు నాలుగు వేల ఐదు వందలు కట్టగలవాళ్ళు.
అన్నిటికీ అడుగున, జానపద బృందాలు,
పక్కనే చిన్న అక్షరాల్లో: ఖాళీ ఉంటే.

ఒక తప్పు చేశాను. ఇక్కడ రాసి పెడుతున్నాను.
మార్చిన ప్లానులో తూర్పు పక్క
నలభై అడుగులకు నలభై
'వాహనాలు నిలుపు స్థలం' అని గీశాను.
పేవర్ బ్లాకులు నిధులు వచ్చాక, అని నోటు పెట్టాను.
డీఈ సారు కళ్ళజోడు పైకి నెట్టి
"ఈ ఊరికి ఇంత పార్కింగా?" అన్నాడు.
పెళ్ళిళ్ళొస్తాయి సార్, అద్దె వస్తుంది అన్నాను.
పెళ్ళిళ్ళనగానే సంతకం పడింది.

మొన్న ప్రారంభోత్సవం.
లోపల మైకు కళల్ని కాపాడుకోవాలంటోంది.
ఏసీ బాగా పనిచేస్తోంది.
బయట రెండు కార్లు, ఒక జీపు,
వాటి నడుమ బుట్టెడు వేరుశనగ పొట్టు.
అక్కులప్ప మనవడు అగ్గిపుల్ల గీశాడు.
నేను ఏడో షరతుకు వీపు తిప్పి
గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి ఉరుమి మూలిగింది.
పొట్టలోంచి. మబ్బు తిరగబడ్డట్టు.
ఎవరూ చెప్పకుండానే డ్రైవర్లు
బళ్ళు వెనక్కి తీసుకున్నారు.
లోపల వెనక వరస కుర్చీలు
ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి.
ఎర్రమట్టి మోకాళ్ళదాకా లేచింది.
గంగరత్నమ్మ కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని నవ్వింది.

నిన్న జిల్లా ఆఫీసు నుంచి కవరొచ్చింది.
పేవర్ బ్లాకులకు నిధులేమోనని
ఇంకా చింపలేదు.