ఆరు, నాలుగు, నాలుగు

ఐస్లాండ్ పడమటి కొసన, పదకొండయినా తెల్లారని జనవరిలో
ఉప్పుచేపల గోదాము పై అంతస్తులో
పాత సర్వరు సర్దుతున్నాను.
ఒక ఫైలు.
పక్కన మూడంకెలు: ఆరు, నాలుగు, నాలుగు.
అంటే, రాసేది యజమాని ఒక్కడే;
చదివేది మాత్రం గుంపూ, గుంపులో లేనివాళ్ళూ,
దారినపోయే ఎవరైనా.

ముప్ఫైరెండు మంది పాస్‌వర్డులు
ఒంటిమీద నూలుపోగు లేకుండా, వరసగా.
తొమ్మిదేళ్ళుగా అంతేనట.
తాళం వేశాం, గొళ్ళెం మరిచాం.

చూడకూడదు. చూశాను.
కంటికి ఎవరూ మూడంకెలు పెట్టలేదు.
కాంటా దగ్గరుండే హెర్దీస్‌ది: ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు.
మేనేజరుది: మేనేజరు.
ముసలి అస్గ్రిమూర్‌ది: ఫ్లెక్కా, వెనక ఎనభై ఏడు.

ఆరు, సున్న, సున్న చేశాను.
ఫైలు నోరు మూసుకుంది.
నా నోరు మిగిలింది.

మధ్యాహ్నం క్యాంటీనులో
సూప్ గిన్నెతో ఎదురుగా కూర్చున్నాడు అస్గ్రిమూర్.
ఫ్లెక్కా ఎవరు?
నాలుక చివరిదాకా వచ్చింది.
రొట్టెముక్క అడ్డం పెట్టాను.

మర్నాడు అందరికీ కాగితం: పాస్‌వర్డులు మార్చండి.
మూడోరోజు మెట్లెక్కి వచ్చాడు, టోపీ నలుపుతూ.
"మార్చక తప్పదా?"
తప్పదన్నాను.
"అది మా గొర్రె పేరు. మచ్చల గొర్రె.
మంచు తుపానులో పదకొండింటిని వెంటబెట్టుకుని
దొడ్డి తలుపు దాకా తెచ్చింది.
మంద అమ్మేశాక ఆ పేరు పిలవడానికి
నాకు ఈ మిషనొక్కటే మిగిలింది.
రోజూ పొద్దున్నే, రెండు వేళ్ళతో."

నాకు తెలుసని చెప్పలేదు.
కొత్త పద్ధతి చెప్పాను.
ఇకమీద మిషను మీ మాట దాచిపెట్టుకోదు,
ఉప్పు వేసి రుబ్బేస్తుంది.
ఆ పిండిలోంచి గింజని ఎవరూ ఏరలేరు, నేను కూడా.
మీరు పలికితే గుర్తుపడుతుంది. అంతే.

"ఉప్పా?" అన్నాడు,
ముప్ఫై ఏళ్ళు ఉప్పులో చేతులు నానినవాడు,
మొదటిసారి నవ్వి.
"మరి కొత్తదేం పెట్టను?"
నాకు చెప్పకండి.

కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను.
వెనక రెండు వేళ్ళ చప్పుడు,
ఆగి, మళ్ళీ మొదలై, చాలాసేపు.
అక్షరాలు పదకొండో పన్నెండో
చెవి లెక్కపెట్టకుండా
కింద రేవులో పడవలు లెక్కపెట్టాను.