లెక్క తప్పింది

కోరుట్ల పక్కన మా బడి.
బీరువాల కథల పుస్తకాలు చిరుగుతయని
తాళమేసి పెట్టిన్రు నా ముందటోళ్లు.
స్టాక్ రిజిస్టర్ల అన్నీ భద్రంగనే ఉన్నయ్.

తాళం తీసిన.
"ప్రశ్నలుండయ్, మార్కులుండయ్, తీస్కపోండ్రి" అన్న.
ఎవలూ నమ్మలే.
మూడో తరగతి రుత్విక ఒక్కతే
నక్క బొమ్మున్న దాన్ని గౌనుల దాసుకొని
దొంగ లెక్క పోయింది.

రెండొద్దులకు వాళ్ల నాయినమ్మ లస్మవ్వ వచ్చింది,
తునికాకు వాసనతోని, కోపంతోని.
"ఏం పుస్తకమిచ్చినవ్ సారూ?
పోరి సదువుతాంటే బీడీలు సుట్టుకుంట ఇన్న.
నక్క బాయిల పడ్డకాడ చెయ్యాగింది.
కట్టకు ఇరవై అయిదా, ఇరవై మూడా,
లెక్కే తప్పింది.
కార్ఖానల తిరగ్గొట్టిన్రు!"

తప్పయిందవ్వా అన్న.
ఆమె పోలే. గడప కాడ నిలబడి
"గని సారూ... ఆ నక్క ఎల్లిందా?
ఆఖరు కాయితం ఎలుకలు కొరికినయ్."

నాకూ తెల్వది.

ఎనుక వరుసల రుత్విక
బీడీ లేబుల్ కాయితం తిరగేసి
నాలుక బయటవెట్టి రాస్తున్నది.
నక్కకు లస్మవ్వ అని పేరు పెట్టింది.
బాయికి మెట్లు కట్టింది,
మెట్లకు వత్తు మరిచింది.

ఎర్రపెన్ను జేబులనే ఉంచిన.
నక్క ఎక్కుతున్నది.