మూత తీయకుండా

తుర్కపల్లిలో రాత్రి షిఫ్టు.
నల్ల అట్ట ముందు ఐదు సెకన్లు,
తెల్ల అట్ట ముందు ఐదు సెకన్లు.
పదకొండేళ్లుగా నా కళ్లకిదే కొలువు.
సీసాని కుదపకుండా, మెడ పట్టుకుని మెల్లగా తిప్పి
అడుగు నుంచి ఏదైనా లేస్తోందా అని చూడటం.
గాజు తునకా, నూలు పోగా,
లేక ప్రొటీనే తనకు తాను చుట్టుకుపోయిందా.

పాలు విరిగితే గిన్నె చెప్పేస్తుంది.
ఇది చెప్పదు.
మడత ఊడిన ఒక అణువు పక్కదాని చెయ్యి పట్టుకుంటుంది,
అది ఇంకోదాని కొంగు.
బయటికి మందులాగే ఉండి
ఒంట్లోకి వెళ్లాక పరాయిదవుతుంది.

ఆ మంగళవారం మూడు వందల పన్నెండో లాటు.
చల్లబండి షామీర్‌పేట దాటాక గుంతలో పడి ఎగిరిందని
డ్రైవర్ గాలయ్య తనంతట తనే వచ్చి చెప్పాడు.
"రాస్కోండ్రి మేడం, రేపు నా మీదికి రావొద్దు."
రాసుకున్నాను.
నూటనలభై సీసాలు తిప్పి చూశాను.
అన్నీ తేట.
సంతకం పెట్టాను.

పక్క గదిలో కొత్త యంత్రం, పెద్ద అయస్కాంతం.
వాచీ, తాళాలు బయటే వదలాలి.
భూదేవి మేడం సీలు తియ్యలేదు, సూది గుచ్చలేదు,
సీసాని సీసాలాగే లోపలికి దించింది.
"ప్రొటీన్ని అడగం. దాని చుట్టూ ఉన్న నీళ్లని అడుగుతాం.
ఒక్కసారి తట్టి వదిలేస్తే నీళ్లు కాసేపు మోగుతాయి.
లోపల గుంపులు కట్టి ఉంటే
ఆ మోత తొందరగా అణగిపోతుంది."
"బోయినపల్లిలో కుండ కొట్టి చూసినట్టా?"
"అట్లనే. కాకపోతే చెవికి వినపడదు."

తెర మీద గీత వాలింది,
వాలాల్సిన దానికన్నా ముందే.
నూటనలభైలో తొమ్మిది.
నా సంతకం కింద తొమ్మిది.

తప్పు నాది కాదు, కంటికి అందేంత పెద్దవి కావవి.
తెలుసు.
తెలిసినా,
రెండున్నరకి క్యాంటీన్లో డబ్బా బల్ల మీద పెట్టాను.
అది పెట్టిన చప్పుడుకే కాబోలు,
ఆమె తన సర్వపిండిని రెండుగా విరిచి
పెద్ద ముక్క నా డబ్బా మూత మీద పెట్టింది.
ఏమైందని అడగలేదు.
నేను మూత తియ్యలేదు.

పొద్దున కంపెనీ బస్సు అల్వాల్ దాటుతోంది.
ముందు సీట్లో ఎవరిదో నీళ్ల బాటిల్ ఊగుతోంది.
చీకటి ఇంకా పోని కిటికీ వైపు ఐదు సెకన్లు,
తెల్లారుతున్న వైపు ఐదు.