తేలే రాయి

అమ్మ మడమలు తోముకునే రాయి
తొట్టిలో వేస్తే మునగదు.
బూడిద రంగు. ఒళ్ళంతా చిల్లులు,
దిబ్బరొట్టె తుంచితే లోపల ఉన్నట్టు.

మూడు దోసకాయలకి డబ్బుల బదులు
తారాపేట మీరావలి మామ ఇచ్చాడట.
ఓడలో ఇంజను గదికి నూనె పోసేవాడాయన.
పద్దెనిమిదేళ్ళు సముద్రం మీద ఉండి
తను చూసింది గేజీలూ, తన చెమటా అనేవాడు.
ఒక్కసారి ఓడ చెడిపోయి
నోరు తిరగని పేరున్న దీవి దగ్గర ఆగింది.

"నడిసముద్రంలో ఒకటే కొండ, నాంచారమ్మా.
కొండంటే మన ఇంద్రకీలాద్రి కాదు,
మెట్లుండవు, ఆర్పడం మర్చిపోయిన పొయ్యి.
దాని గట్టు మీద మీ లంకంత జనం.
ఊరంతటికీ ఐదే ఇంటిపేర్లు.
గాలికి అడ్డంగా రాళ్ళు పేర్చి
బంగాళాదుంపలు వేసుకుంటారు.
పెళ్ళికూతురు కావాలంటే ఓడ రావాలి."

వాళ్ళ తాతల నాడు కొండ నోరు తెరిచిందట.
ముందు ఆవులు మేత మానేశాయట.
ఎవరో పెద్ద ఓడ పంపి అందర్నీ ఎక్కించి
పట్నంలో ఇళ్ళిచ్చారు, కుళాయిలిచ్చారు,
ఫ్యాక్టరీలో పనిచ్చారు.
రెండేళ్ళ తర్వాత అడిగారట,
ఉంటారా, పోతారా?
ఒక ముసలాయన తప్ప
అందరూ పోతామనే చేతులెత్తారు.
ఆ ముసలాయనకి చెవుడు.

అమ్మ ఒకే ప్రశ్న అడిగింది:
"పడవలు ఆగే రేవు మిగిలిందా?"
"లేదు, నిప్పు మింగేసింది."
"మరెక్కడ దిగారు?"
"కొత్త రాయి మీద. ఇంకా వేడిగానే ఉందట."
అమ్మ ఇంకో దోసకాయ తీసి ఆయన సంచిలో వేసింది.

మా లంక నిప్పు కన్నది కాదు,
కృష్ణ మేటేసి పోసిన ఇసుక.
పెట్టిన చేత్తోనే తీసుకుంటుంది.
బ్యారేజీకి డెబ్బై గేట్లూ ఎత్తిన ఆ రాత్రి
కందతోట పోయింది, గేదె పోయింది,
నాన్న కిర్రుచెప్పులు పోయాయి.
నీళ్ళు తీశాక వెళ్తే
ఇల్లంతా మోకాల్లోతు ఒండ్రు.
రాయి మాత్రం అటక మీద ఉంది.
నీళ్ళతో పాటు లేచి
నీళ్ళు దిగుతుంటే అక్కడే ఆగిపోయింది.
నష్టం రాసుకోవడానికొచ్చినాయన
నీళ్ళు ఎంతవరకొచ్చాయని అడిగితే
అమ్మ రాయిని చూపించింది.
ఆయన రాసుకోలేదు.

జక్కంపూడి కాలనీలో మూడో అంతస్తిచ్చారు.
కుళాయి తిప్పితే కృష్ణ నీళ్ళే వస్తాయన్నారు.
అమ్మ దోసిట్లో పట్టి వాసన చూసి
"ఈవిడ నాకు తెలీదు" అంది.

ఇప్పుడు వారానికి మూడుసార్లు
రెండు ఆటోలు మారి యనమలకుదురు రేవుకి,
అక్కణ్ణుంచి పడవలో.
పాత లంక ఉన్నచోట నీళ్ళే,
దాని కిందుగా కొత్త మేట లేచింది.
పట్టా లేదు, సర్వే నంబరు లేదు, పేరు లేదు.
అమ్మ దోస విత్తనాలు నాటింది.
"అమ్మా, వచ్చే వానాకాలం ఉంటుందా ఇది?"
"దోసకి డెబ్బై రోజులు చాలు."

మీరావలి మామ పోయి నాలుగేళ్ళు.
ఆ దీవి పేరు మేమెవరం రాసి పెట్టుకోలేదు.
అట్లాసులో వెతికితే
సముద్రం నిండా చుక్కలు, ఏదైనా అదే కావచ్చు.

సాయంత్రం అమ్మ తొట్టి పక్కన కూర్చుని
పగుళ్ళలో ఇరుక్కున్న లంక మట్టిని తోముతుంది.
మట్టీ పోతుంది, రాయీ అరుగుతుంది.
పిడికెడు ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత.
ఆ పొడి మా తూములోంచి బుడమేట్లోకి,
కొల్లేట్లోకి, ఉప్పుటేట్లోకి.
"చూశావా, నీ రాయి
మళ్ళీ సముద్రానికి పోతోంది" అన్నాను.

"నిదానంగా పోతుందిలే" అని
రెండో కాలు ముందుకు చాపింది.