టకటక

బాకా అంటే మీకు తెలిసింది
పైకీ కిందికీ ఆడే పిస్టన్ల బాకా.
నా దానికి గుండ్రంగా తిరిగే బిరడాలు మూడు.
రైల్వే ఇన్‌స్టిట్యూట్ బ్యాండు ఎత్తేసిన ఏడు
తుక్కులో తూకానికి పోతాంటే
మా ఓబుళేసు మేస్త్రీ కేజీల లెక్కన కొన్యాడు.
గుంతకల్లు మొత్తానికి ఇట్లాంటిది ఇదొకటే,
చెడిపోతే చూసే దిక్కు ల్యా.

పెండ్లి ఊరేగింపుల్లో డ్రమ్ముల అడుగున
దాని టకటక పదేండ్లు ఎవరికీ పట్టలే.
మొన్న గూడ్సు గార్డు మద్దిలేటి శవం ముందర
నిదానంగా వాయిస్తాంటే బయటపడింది:
స్వరానికీ స్వరానికీ నడుమ
చలికి ఎవరివో పండ్లు కొట్టుకున్నట్టు.
గార్డు పెండ్లాం ఏడుపు ఆపి
నా వేళ్ల దిక్కు చూసింది.

తెల్లారి పోతి, కుట్టుమిషన్ల లాలూసాబు అంగడికి.
"ఇది నా పని కాదప్పా" అన్యాడు,
అంటానే స్క్రూడ్రైవరు తీసుకున్యాడు.

మీట నొక్కినాడు. టక్.
ఇంగోసారి. టక్.
"చప్పుడు పుట్టేది ఒక చోట, వినపడేది ఒక చోట.
ఇత్తడి చాడీకోరుది, మాటను ఒళ్లంతా తిప్పుతాది."
ఒక్కొక్క కీలునూ రెండు వేళ్లతో
నాడి చూసినట్టు పట్టుకుని
మళ్లీ మళ్లీ నొక్కినాడు.
రెండో వాల్వు కాడ వేలు పెడితే
టక్ లే.
"యాడికి పోతావు" అన్యాడు దాంతో.

బిరడాను ఆపే బెండుముక్కలు
ఎండి ఈతగింజలైనాయంట.
నా హవాయి చెప్పు మడమకాడ కోసినాడు,
అడగనైనా అడగలే.
ఆ ముక్కను బ్లేడుతో చెక్కినాడు,
పెట్టి చూసినాడు, తీసి చెక్కినాడు,
బిరడా మీది గీత, పలక మీది గీత
వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసేదాంకా.
మీటకు కట్టిన దారం పీచుపీచైతే
కాలవలో చేపలు పట్టే గాలం తీగ
ఎనిమిది అంకె మాదిరి చుట్టి బిగించినాడు.
ఇరుసుకు చిక్కటి నూనె ఒక బొట్టు,
లోపల బిరడాకు పల్చటిది రెండు.
"ఇవి తారుమారు చేసినావా, బండి కదలదు."
ముప్పై రూపాయలు తీసుకున్యాడు, టీ నేనే తాపిస్తి.

నొక్కితే ఇప్పుడు
పిల్లి గోడ దిగినట్టు.

ఆ వారమే మస్తానయ్య ఉరుసు, గంధం రాత్రి.
పాటలో నా వంతు ఎంత?
మేస్త్రీ క్లారినెట్టు పాడుకుంటా పోతాది,
పెద్ద బాకా "ఊం" అంటాది,
దాని ఎనక ఒక్క "పా" నాది.
ఊం, పా. ఊం, పా. పదేండ్లుగా అంతే.
ఆ రాత్రి నా "పా" అర తాళం లేటు.
మళ్లీ లేటు.
మేస్త్రీ క్లారినెట్టు మీదుగా కనుగుడ్లు ఉరిమినాడు.
"ఏమిరా, నిద్రపోతాండావా?"

అప్పుడు తెలిసె.
పదేండ్లు నేను లెక్కపెట్టింది తాళాన్ని కాదు,
ఆ టక్కునే.

జనంలోంచి లాలూసాబు తోసుకుని వచ్చి
నా చెవికాడ నోరు పెట్టి అరిచినాడు,
"చప్పుడు పోయిందా?"
"పోయింది సాబూ" అంటి,
గాలి పీల్చుకునే సందులో.

బ్యాండు బూట్లు నాకు ఒక సైజు పెద్దవి.
లోపల కుడి బొటనవేలు
అట్టను కొడతాంది:
టక్. టక్.
ఊం వచ్చె,
పా అంటి.